చేతులు మరచిపోకముందే

మా జిల్లాలో ఎవరైనా నీళ్లలో పడితే ముందు గజ ఈతగాళ్లకే కబురు పోతుంది. రోజూ వల వేసే గంగపుత్రులకు ఈత మరుపు రాదు. శ్రీరాంసాగర్ జలాశయం నిండితే వెనక జలాలు కందకుర్తి దాకా తన్నుకొచ్చి, త్రివేణి సంగమంలోని పాత శివాలయాన్ని ముంచేస్తాయి. ఆ బురదనీళ్లలో కన్ను పనిచేయదు, చేత్తో తడుముకోవాల్సిందే. వాళ్లకు ఆ విద్య చేపల వేటే నేర్పింది.

అసలు చిక్కు ఒడ్డుకు చేర్చాక. మూగిన జనం పొట్ట నొక్కమంటారు, కాళ్లు పట్టి తలకిందులు చేయమంటారు. పొట్ట నొక్కితే లోపలున్నది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మునిగిన మనిషికి కొరవడింది గాలి. శ్వాస ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిరులు. ఛాతీ నొక్కడం ఒక్కటే చాలన్న మాట గుండె ఆగి కుప్పకూలినవారి విషయంలో చెప్పింది, దీనికి సరిపోదు.

చదివితే ఇది సులువే. శిక్షణ పొందినవారిలోనూ కొద్ది నెలల్లోనే ఈ నేర్పు సన్నగిల్లుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. సర్టిఫికెట్ మాత్రం రెండేళ్లు చెల్లుతుంది! అందుకే నేను అప్పుడప్పుడూ గట్టి దిండు ముందు మోకాళ్లూనుతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. రెండు నిమిషాలకే భుజాలు లాగేస్తాయి, నొక్కుడు లోతు తగ్గుతుంది. రెండు నిమిషాలకొకరు మారాలన్న నియమం ఎందుకో దిండే చెప్పింది.

దిండు బదులు శిక్షణలో వాడే బొమ్మను 1960లో నార్వే బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లేర్డాల్ తెచ్చాడు. అంతకుముందు నీళ్లలో మునిగిన తన కొడుకును ఆయనే బతికించుకున్నాడు. బొమ్మకు పెట్టిన ముఖం, పారిస్‌లోని సేన్ నదిలో దొరికిందని చెప్పుకునే పేరులేని యువతిది.

బోధన్ వైపు మాట వేరు. పొలాలకు నీళ్లిచ్చే నిజాంసాగర్ కాలువల గట్ల మీద గజ ఈతగాడు ఉండడు, పొలం పనివాళ్లుంటారు. వాళ్లకు ముందు నేర్పాల్సింది దూకకుండా ఉండడం. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకు తాడు కట్టి, మునుగుతున్న మనిషిని దాటేలా విసిరి లాగితే తాడు చేతికందుతుంది. డబ్బాలో కాసిన్ని నీళ్లుంటేనే దూరం పోతుంది. ఎన్ని నీళ్లన్నది విసిరి చూసుకోవాలి, అదీ జనం నీళ్లలోకి దిగే వినాయక నిమజ్జనానికి ముందే.