నుదుటిరాత - దరఖాస్తు రాత

పోయిన వేసవిలో మా చెల్లెలింటికి వెళ్ళాను. ఆవకాయ జాడీలు అటక ఎక్కి చాలా రోజులైనా, ఇంట్లో ఇంకా ఏదో ఊరుతున్న వాసన. తీరా చూస్తే అది ఆవకాయ కాదు, కౌన్సెలింగు! చెల్లెలి కూతురు ఇంటర్ పాసై, ప్రవేశపరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుంది. వెనక మనం ఎంసెట్ అనేవాళ్ళం, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. పేరు మారింది కానీ ఇళ్ళల్లో బి.పి.లు ఏం మారలేదు. ఆ పిల్ల ర్యాంకు గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. నడిమంతరం ర్యాంకు. అసలు చిక్కంతా ఈ నడిమంతరం ర్యాంకులతోనే వస్తుంది. మంచి ర్యాంకు వస్తే ఆలోచించక్కర్లేదు, బొత్తిగా రాకపోతే ఆలోచించి లాభం లేదు.

పిల్ల సివిల్ ఇంజనీరింగు చదువుతానంటుంది. మా మరిదిగారు కంప్యూటర్ సైన్సు తప్ప ఇంకోటి చదువే కాదంటారు. "ఆడపిల్ల ఎండలో సిమెంటు బస్తాల మధ్య నిలబడుతుందా వదినగారూ? మీరే చెప్పండి" అని నామీదికి తోశారు. చెల్లెలు గ్యాసు కట్టేస్తూ, "ఎందుకండీ వాదనలు, దాని నుదుటిన ఏది రాసిపెట్టి ఉంటే అదే వస్తుంది" అంది.

ఆ రాత్రి పిల్ల నా పక్కన పడుకుని మెల్లిగా అడిగింది. "పెద్దమ్మా, నుదుటిరాత అంటే ఎవరి చేతిరాత? దేవుడిదా, నాన్నదా?"

నవ్వేశాను. నవ్వానే గాని నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళపైన తెలుగు పాఠం చెప్పి రిటైరైన దాన్ని. చేతిరాతలు పోల్చడం నాకు రాదా! కానీ ఈ రాతని ఇన్నాళ్ళూ నేనూ సరిగ్గా చూడలేదు.

ఇంటికి తిరిగొచ్చాక బీరువాలోంచి ఒక పాత నవల తీశాను. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. మీలో చాలామంది చదివే ఉంటారు. గోరాశాస్త్రిగారి 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చి, 1958లో పుస్తకమైంది. శ్రీదేవిగారు వృత్తికి డాక్టరు. 1961లో, చాలా చిన్న వయసులోనే పోయారు. ఈ ఒక్క నవలతోనే మన సాహిత్యంలో చెరగని చోటు సంపాదించుకున్నారు.

నేను ఈ నవలని మొదటిసారి 1982లో లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాను. అప్పుడు నాకు కల్యాణి నచ్చింది. ఇందిర అంటే ఒళ్ళు మండింది. కల్యాణి నెమ్మదస్తురాలు, చదువుకుంటున్న పిల్ల, కష్టాలు పడే పిల్ల. ఇందిర ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది, ఎవరేమనుకున్నా లెక్కచెయ్యదు, తనకి కావలసింది తీసుకోవడానికి చెయ్యి చాస్తుంది. ఆ వయసులో నాకు అది చెడ్డతనంలాగే కనిపించింది. మన పెంపకాలు అలాంటివి కదూ!

ఈసారి చదివితే పుస్తకం మొత్తం తలకిందులైంది. నా కళ్ళు ఇందిర మీద కాదు, ప్రకాశం మీద ఆగాయి.

ప్రకాశం ఎవరు? మెడికల్ కాలేజీ విద్యార్థి. ఇందిరావాళ్ళింట్లో పైన అద్దెకుంటాడు. మంచివాడే. అందమైనవాడే. రేపో మాపో డాక్టరు కాబోయేవాడు. ఆ రోజుల్లోనే కాదు, ఈ రోజుల్లోనైనా ఏ తల్లినడిగినా "ఇంకేం కావాలమ్మా?" అంటుంది. కానీ ఆ కుర్రాడికి ఒక్కటే రాదు - నిర్ణయించుకోవడం. మనసు కల్యాణి వైపు మొగ్గుతుంది. ఇందిర లాగితే అటు ఒరుగుతుంది. మేనమామ దిగేసరికి గుమ్మంలో పిల్లిలా అణిగిపోతుంది. మనిషి శరీరంలో ఎముకలెన్నో లెక్కపెట్టి చెప్పగలిగే చదువు అతనిది. తనకి మాత్రం వెన్నెముక ఉందో లేదో తెలియదు.

ఇందిర సంగతి చూడండి. ఆమె చేతిలో కాలేజీ పుస్తకం లేదు, నెల జీతం ఉంది. ఆ జీతం మీద తండ్రి ఉన్నాడు. "నా ఖర్మ" అని కూర్చోడానికి ఆమెకున్నన్ని కారణాలు ఆ నవల్లో ఇంకెవరికీ లేవు. కానీ ఆ మాట పట్టుకుని కూర్చోదు. ఉన్నవాటిల్లోంచి ఏరుకుంటుంది. తప్పే ఏరుకోవచ్చు, ఆ తప్పు తనదేనని ఒప్పుకునే దమ్ము ఉంది. ఆఖరికి కృష్ణమూర్తిని చేసుకునేటప్పుడు కూడా కళ్ళు తెరుచుకునే చేసుకుంటుంది. ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదని నేనను. కల్యాణి విషయంలో ఆమె చేసింది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. కానీ తన జీవితం తాను బతికిందా, ఇంకొకరు రాసిచ్చింది బతికిందా అని అడిగితే మాత్రం, జవాబుకి తడుముకోనక్కర్లేదు.

ఇక్కడే నాకు శ్రీదేవిగారి గొప్పతనం కనిపించింది. తాను డాక్టరై ఉండి, మెడిసిన్ చదివే కుర్రాడిని ఇంత నిర్మొహమాటంగా చూపించారు. పట్టా వస్తే ఉద్యోగం వస్తుంది, కట్నం వస్తుంది, పేరు పక్కన అక్షరాలొస్తాయి. 'నాకు ఇది కావాలి' అని నోరు తెరిచే శక్తి మాత్రం దాంతోపాటు రాదు. దాన్ని వేరే సంపాదించుకోవాలి. ఈ మాట ఆవిడ ఉపన్యాసంగా ఎక్కడా చెప్పరు. ఇద్దర్నీ ఒకే ఇంట్లో, ఒకరిని మేడమీద, ఒకరిని కింద ఉంచి ఊరుకున్నారు.

ఆ పేరు కూడా ఎంత ఆలోచించి పెట్టారో! మనకి ఏదైనా అనుకున్నట్టు జరక్కపోతే ఏమంటాం? "కాలం కలిసిరాలేదు" అంటాం. విధికి మనం పెట్టుకున్న ముద్దుపేరు కాలం. ఆ సాకు చెప్పనివాళ్ళే కాలాతీతులేమో అని ఈసారి అనిపించింది. ఇదే కథ ఆధారంగా 1963లో ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వంలో అన్నపూర్ణావారి సినిమా వచ్చింది. సావిత్రి, కృష్ణకుమారి, ఈ.వి. సరోజ నటించారు. సినిమాకి పెట్టిన పేరు 'చదువుకున్న అమ్మాయిలు'. సరదాగానే ఉంటుంది, నేనూ రెండుసార్లు చూశాను. కానీ పేరు మారడంలోనే బరువంతా దిగిపోయింది. నవల అడిగింది మనిషి ఎలా నిలబడుతుందని. సినిమా పేరు అడిగేది ఏం చదువుకుందని. మన ఇళ్ళల్లో కూడా మొదటి ప్రశ్న అడగాల్సిన చోట రెండోది అడిగి సరిపెట్టేస్తాం.

నవల్లో లోపాలు లేవనను. కల్యాణిని మరీ మంచితనంలో ముంచి తీశారు. చిక్కుముళ్ళన్నీ ఆఖరికి పెళ్ళిళ్ళ దగ్గరకే వెళ్ళి విడటం కూడా నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది. అంత ధైర్యంగా నడిచిన కథ చివర్లో పందిరి కిందకి వచ్చి నిలబడాలా? అయినా, 1958 అని గుర్తు చేసుకుని సర్దుకుంటాను.

అసలు మన సాహిత్యంలో చదువు ఎంపిక అనేది చాలాకాలం మగపిల్లల వ్యవహారమే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశం సంగతి తెలుసు కదా. 1924లో మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు కుర్రాడికి బారిస్టరు కావాలని బుద్ధి పుట్టింది. ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. నిడదవోలులో రైలెక్కాడు. మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్నాడు. మనం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఒక్కసారి ఊహించండి - అదే మొగల్తూరు నుంచి, అదే ఏడాది, ఒక పార్వతి బయల్దేరి ఉంటే? హాస్యనవల అయ్యేదా? ఊరు నవ్వేదే, కానీ ఆ నవ్వు వేరు. మగపిల్లాడు తెలియక చేసిన ఎంపిక వినోదమైతే, ఆడపిల్ల తెలిసి చేసిన ఎంపిక విచారణ అవుతుంది.

ఇంకా వెనక్కి వెడితే 'కన్యాశుల్కం' ఉంది. 1892లో మొదట ఆడారు. అగ్నిహోత్రావధాన్లుగారింట్లో ఒకవైపు కొడుకు ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు మాట, ఇంకోవైపు చిన్నకూతురు సుబ్బికి వచ్చే పద్ధెనిమిది వందల మాట. ఒకే కప్పు కింద ఒకరి రాత ఖర్చు పద్దులో, ఒకరి రాత జమ పద్దులో. అక్కడ సుబ్బి గురించి ఎవరైనా "దాని నుదుటిరాత" అంటే మనం ఒప్పుకుంటామా? ఆ రాత రాసినవాడు ఎదురుగా అరుగు మీద కూర్చుని కనిపిస్తూనే ఉన్నాడు!

మనలో మాట. విధి లేదని నేననడం లేదు. ఎవరి కడుపున పుడతామో, ఏ ఊళ్ళో పుడతామో, పరీక్షనాడు జ్వరం వస్తుందో రాదో మన చేతుల్లో లేదు. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది'లో దయానిధి డాక్టరే. కానీ తల్లి గురించి లోకం అనుకునే మాట అతన్ని నీడలా వెంటాడుతుంది. ఆ నీడని అతను కోరి తెచ్చుకోలేదు. దాన్ని విధి అంటే నాకు అభ్యంతరం లేదు. నా గొడవల్లా ఒకటే. మేనమామ నిర్ణయాన్నీ, బస్సు చార్జీనీ, మన పిరికితనాన్నీ కూడా ఆ ఒక్క గంపలోనే వేసేస్తున్నాం. మధ్యతరగతి ఇళ్ళల్లో విధి అంటే చాలాసార్లు పేరు చెప్పడానికి మొహమాటపడ్డ మనిషి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ విమర్శంతా ఎదుటివాళ్ళ మీద పెట్టినట్టవుతుంది.

1979లో ఇంటర్ పాసయ్యాను. కెమిస్ట్రీ అంటే ప్రాణం. పరీక్షనాళికలో రంగు మారుతుంటే సినిమా చూస్తున్నంత సంబరంగా ఉండేది. బి.ఎస్సీ. కావాలంటే బస్సెక్కి, మగపిల్లలు కూడా చదివే కాలేజీకి వెళ్ళాలి. నడిచి వెళ్ళేంత దూరంలో ఆడపిల్లల కాలేజీ ఉంది, అక్కడ బి.ఏ. మాత్రమే ఉంది. నాన్నగారు దరఖాస్తు తెచ్చి, తన కలంతోనే నింపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన కసురుతారని కాదు, నాన్నగారు ఎప్పుడూ కసిరిన మనిషి కాదు. అడిగితే ఏమనేవారో నాకు ఈనాటికీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు, ఆయన పోయి పదిహేనేళ్ళయింది.

ఈ నలభై ఏళ్ళూ "నా రాత తెలుగు చదువు" అని అందరితో నవ్వుతూ చెప్పాను. "అంతా మన మంచికే, లేకపోతే ఇన్ని పుస్తకాలు చదివేదాన్నా" అని కూడా అన్నాను. అందులో అబద్ధం లేదు. తెలుగు నాకు అన్నం పెట్టింది, ఈ నవలని ఇచ్చింది. కానీ చివరికి మంచే జరిగింది కాబట్టి మొదట జరిగింది కూడా సరైనదేననడం, పెళ్ళితో ముగిసింది కాబట్టి కథంతా సుఖాంతమనడం లాంటిదే. ఇన్నాళ్ళూ ప్రకాశాన్ని వెన్నెముక లేనివాడని పాఠంలో పిల్లల ముందు వెక్కిరించిన దాన్ని. అతని మీద అంత కోపం ఎందుకో ఈసారే అర్థమైంది. ఆ సంతకం నాది కూడా.

కౌన్సెలింగు ఆప్షన్లు పెట్టే రోజు చెల్లెలింటికి ఫోన్ చేశాను. మరిదిగారు ఎత్తారు. "సివిలా కంప్యూటరా అన్నది నేను చెప్పను. అది మీకే ఎక్కువ తెలుసు. ఒక్కటే కోరిక. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, నీకేం కావాలని అడిగి, దాని చేతే పెట్టించండి" అన్నాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "వదినగారు నవలలెక్కువ చదువుతారు" అన్నారు. కోపంగా అనలేదు లెండి.

ఆ రాత్రి పదిన్నరకి పిల్ల ఫోను. "పెద్దమ్మా, మొదటి మూడూ సివిలే పెట్టాను. నాలుగోది నుంచి నాన్న చెప్పినవి. నాన్న పక్కనే కూర్చున్నారు. ఏం అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు."

ఈ కౌన్సెలింగు పద్ధతి ఎవరు కనిపెట్టారో గాని, విధి గురించి మన పండితులు చేసిన వాదాలన్నీ అందులో ఇమిడిపోయాయి. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్న వరస మనం రాస్తాం. సీటు ఏదొస్తుందో మనం రాయం. రెండోది చేతిలో లేదు కదా అని మొదటిది ఖాళీగా వదిలేస్తే మాత్రం, అది విధి కాదు.

పిల్లకి ఏ సీటొచ్చిందో మీరు అడుగుతారని తెలుసు. అది ఇక్కడ చెప్పను. చెబితే వచ్చిన సీటుని బట్టి ఎవరిది ఒప్పో తేల్చేస్తారు. నేనూ అదే చేసేదాన్ని, ఈ పుస్తకం మళ్ళీ చదవకముందు.

మీ బీరువాలో ఉంటే ఒకసారి తీసి చూడండి. ఇందిర మీకిప్పుడు ఎలా కనిపిస్తుందో.