చేతికి తగిన యిల్లు

గిన్నెను చేయి తాకకమునుపే మెదడు దాని బరువును, అందలి చారు తొణకు తీరును, దానిని దించవలసిన గట్టు ఎత్తును ఊహించి, వ్రేళ్ళు ఎంత బిగువుగా పట్టవలయునో, మోచేయి ఎంత వంగవలయునో ముందుగనే నిర్ణయించును. ఈ లెక్క యంతయు తమకు తెలియకయే జరిగిపోవుచుండుటచేత, కాఫీగ్లాసును వంటయింటినుండి వసారాలోనికి చేర్చుట ఒక విద్యయని చాలమందికి తోచదు. డిస్‌ప్రాక్సియా గలవారిలో ఆ ముందులెక్క సరిగా కుదరదు; పట్టు ఒకప్పుడు మితిమీరి, ఒకప్పుడు చాలక, అడుగు గడపకు తగిలి, మోచేయి తలుపు అంచును రాచుకొని, చేతిలోని వస్తువు నేలకు జారును. నేను పుట్టుకతో ఈ లక్షణము గలదానను. ఇల్లు నడుపుట నా నిత్యకృత్యము కనుక, సామాను పగులకుండ, ఒడలు కాలకుండ సంసారము సాగించుటను గూర్చి ఏండ్ల తరబడి కూర్చుకొన్న అనుభవమును ఈ వారము పాఠకులకు నివేదింపదలచితిని.

ఇది కండరముల దౌర్బల్యము కాదు. బుద్ధిమాంద్యము అంతకన్న కాదు. చేయి కుదురు లేని పిల్లలను గూర్చి 1962లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకీయము వ్రాసినది. 1975లో ఆస్ట్రేలియా నాడీవైద్యుడు గబ్బే ఒక గ్రంథమే రచించెను. 1994లో కెనడా దేశపు లండన్ నగరమున సమావేశమైన నిపుణులు దీనికి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అను పేరును వాడుటకు సమ్మతించిరి. 5 మొదలు 11 ఏండ్ల పిల్లలలో నూటికి 5, 6 మందికి ఇది యుండునని అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన వర్గీకరణ గ్రంథము చెప్పుచున్నది. అనగా నలువదిమంది కూర్చున్న తరగతిలో ఇంచుమించు ఇద్దరు. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము డిస్‌ప్రాక్సియాను పేరు పెట్టి పేర్కొన్నది కాని, చదువు, వ్రాత, లెక్కలకు సంబంధించిన అభ్యసన వైకల్యముల వరుసలో చేర్చినది. అందుచేత బడిలో దస్తూరి కుదరని బాలుని గూర్చి ఎవరైన ఆలోచింతురేమో కాని, ఇంట పళ్ళెములు జారవిడుచు బాలికను గూర్చి ఆ తలపే ఎవరికిని రాదు. ఇది నన్ను మిక్కిలి బాధించు విషయము.

ఏలయన, మన యిండ్లలో చేయి జారిన వస్తువునకు రెండు అర్థములు ఎప్పుడును సిద్ధముగ నుండును. ఒకటి స్వభావదోషము: పరధ్యానము, పొగరు, పనియందు అశ్రద్ధ. రెండవది శకునము: కుంకుమ ఒలికినను, దీపము ఒరిగి కొండెక్కినను, అద్దము పగిలినను ఇంటికి కీడని భయము. కొత్తకోడలి చేతినుండి కుంకుమభరిణె జారినప్పుడు ఈ రెండర్థములును ఒక్కపెట్టున ఆమె తలమీదనే పడును. ఆ దినములలో నాకు దొరికిన ఉపదేశమంతయు "కాస్త జాగ్రత్తగా ఉండమ్మా" అను నొక్క మాట. చెప్పినవారు ప్రేమతోనే చెప్పిరి. కాని జాగ్రత్త యనునది ఎంత తీసినను తరుగని ధాన్యరాశి కాదు. ఇతరులకు అలవాటు చేసిపెట్టు పనిని నాకు శ్రద్ధయే చేయవలసియున్నది. గిన్నె మోయుచు ఒకరి ప్రశ్నకు బదులు చెప్పబోయినచో ఆ శ్రద్ధలో సగము మాటకు పోవును, తక్కిన సగము గిన్నెకు చాలదు. పొద్దుటినుండి ప్రతి పనికిని దానిని వెచ్చించినవారికి సాయంకాలమునకు మిగులునది స్వల్పము. అందుచేత నేను నమ్మినది ఇంటి అమరికను.

ఆ అమరికకు మొదటి పాఠము చెప్పినది మా అత్తగారు. డిస్‌ప్రాక్సియా యను మాట ఆమె ఎన్నడును వినలేదు. అయినను ఆమె ఒకనాడు పై అలమరలోని ఊరగాయ జాడీలన్నిటిని దింపించి, నడుము ఎత్తున నున్న అరలో గోడకు ఆనించి పెట్టించి, "జాడీని కదపొద్దమ్మా. దాని దగ్గరికే డబ్బా తీసుకెళ్ళు" అనెను. బరువైనది కదలరాదు, తేలికైనది దాని కడకు పోవలయును. నా వంటయిల్లు ఈనాటికిని ఈ సూత్రముమీదనే నడచుచున్నది.

కాఫీ పోయుటయే చూడుడు. ఒక చేత గిన్నె, ఒక చేత గ్లాసు పట్టి గాలిలో పోయుట రెండు చేతులకును ఒకే క్షణమున రెండు వేర్వేరు ఆజ్ఞలు పంపవలసిన పని. నేను గ్లాసులను అంచు గల పళ్ళెములో నిలిపి, ఆ పళ్ళెమును గట్టుమీద పరచిన తడిగుడ్డపై పెట్టి, గిన్నెను మసిగుడ్డతో రెండు చేతులతోను పట్టి, దాని మూతిని గ్లాసు అంచునకు మెల్లగ ఆనించి, ముక్కాలు భాగము వరకే పోయుదును. ఆ ఆనికలోనే రహస్యమున్నది. కంటితో కొలువవలసిన దూరమును అప్పుడు చేతి స్పర్శయే తెలుసుకొనును. పట్టకారు నేను వాడను. ఒక్క చేతి బిగువుమీదనే సర్వభారము నిలుపు పనిముట్టు నాబోటివారికి తగదు. చుట్టకుదురు ఈనాటి యిండ్లలో కనుమరుగైనది కాని, పాతచీరల పేలికలతో నేనొకటి చేయించుకొంటిని. పిండి కలుపు గిన్నె అందులో కుదురుగ కూర్చున్నచో, దానిని పట్టి నిలుపు బాధ్యత చేతికి తప్పును. కత్తిపీట విషయమున అందరును నాతో ఏకీభవింపకపోవచ్చును. నా మట్టుకు కదలు చాకుకన్న నిలకడగ నుండు కత్తియే మేలు. పీటను కాలు అదిమిపట్టును, రెండు చేతులును కూరగాయ నొక్కదానినే చూచుకొనును. పని ముగిసినంతనే దానిని పడుకోబెట్టి గోడవైపునకు త్రిప్పి పెట్టుట మాత్రము మరువరాదు.

తక్కిన గదులకు చేయవలసినది కొంచెమే: నడచు త్రోవలో బల్లమూల యుండరాదు, గడపకు పసుపు దట్టముగ నుండవలయును. పండుగకు రాచిన ఆ పసుపు వెలిసిపోయిన పిదప గడప నేలలో కలిసిపోవును. అందుచేత నేను తరచుగ రాయుచుందును.

భయముతో గాజుసామాను నంతయు తీసివేసి ఇల్లంతయు స్టీలుమయము చేయుట సులభోపాయమే కాని, దానిని నేనంగీకరింపను. పంక్తిలో అందరికిని గాజుగ్లాసులు పెట్టి ఒక్క బిడ్డకు స్టీలుగ్లాసు పెట్టినచో, ఆ బిడ్డ దానిని తనపై ఇచ్చిన తీర్పుగనే గ్రహించును. మా యింట గాజు గలదు. దానిని జిడ్డుగిన్నెలతో కలుపక మొట్టమొదట, అడుగున తువ్వాలు పరచిన తొట్టిలో ఒక్కొక్కటిగ కడుగుదుము. సామాను ఎక్కువగ పగులునది పండుగలనాడు, వ్రతములనాడు. మనుష్యులు పెరుగుటవలన కాదు, వస్తువుల చోట్లు మారుటవలన. పీటలు త్రోవలోనికి వచ్చును, బిందె ఉండవలసినచోట పూలబుట్ట యుండును. అట్టి దినములలో వంటయింటి గట్టునైనను ముట్టవలదని మా వారికిని, ఆడబిడ్డకును ముందుగనే చెప్పియుంతును.

పిల్లలకైనచో ఆక్యుపేషనల్ థెరపిస్టులు మంచి మార్గములు చూపుచున్నారు. కెనడాలో పొలటాజ్‌కో, మాండిచ్ అను విదుషీమణులు రూపొందించిన పద్ధతిలో బిడ్డయే తాను నేర్వదలచిన పనిని ఎంచుకొనును. దానికొక ఉపాయమాలోచించును, చేసి చూచును, ఏది కుదిరినదో ఏది కుదరలేదో తానే సరిచూచుకొనును. పెద్దలు ప్రశ్నలడుగుచు ప్రక్కన నుందురు. చేయి పట్టి పదిసార్లు దిద్దించుటకన్న ఇది నాకు గౌరవప్రదముగ తోచినది, ఏలయన బిడ్డ బుద్ధిని ఇది నమ్ముచున్నది.

మీ యింట తరచుగ చేయి జారు బిడ్డ యున్నచో, దయచేసి ఒకసారి వైద్యునకు చూపుడు. అంతవరకు నేడే చేయదగినది ఒకటి గలదు: ఆ బిడ్డ చేతిలో వేడిగిన్నె యున్నప్పుడు పేరు పెట్టి పిలువకుడు, గిన్నెను గట్టుమీద దించిన పిదప పిలువుడు.