దొంగకు పనికిరాని తలుపు

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ వారమంతా తెలుగు టీవీల్లో ఒకటే మాట: స్టాప్‌లాగ్. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో, ఉరకలేస్తున్న నీటికి అడ్డంగా ఉక్కు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి దించుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. పెద్ద డ్యామ్‌కు అది ఆపద్ధర్మం. వాగుల మీది చిన్న కట్టలకు ఏటా మామూలుగా జరిగే పనే.

మహారాష్ట్రలో కొల్హాపూర్ తరహా బంధారాలు ఇలాంటివే. వాగుకు అడ్డంగా రాతి స్తంభాలు, వాటికి నిలువు గాళ్లు. వానలు వెనకపట్టాక గాళ్లలో పలకలు దించి నీళ్లు ఆపుతారు, మళ్లీ తొలకరికి ముందే పీకేస్తారు. లేకపోతే వరద ఒడ్డు కోసుకుని పక్కనుంచి పోతుంది. కర్ణాటక కోస్తాలో వీటిని కిండి ఆనకట్టలంటారు. కిండి అంటే కంత. అక్కడ పాతరోజుల్లో రెండు వరుసల చెక్కపలకలు పెట్టి, మధ్యన బంకమట్టి కూరేవాళ్లు. నీటికీ ఎండకీ మార్చిమార్చి నలిగి చెక్క పుచ్చిపోయేది.

చెక్క పోయి ఇనుము వచ్చింది. ఇనుము వచ్చాక దొంగలు వచ్చారు.

నిజానికి ప్లాస్టిక్ గేటు కథ మొదలయ్యేది తుప్పు దగ్గర కాదు, పాత ఇనుము కొట్టు కాంటా దగ్గర. వేసవిలో ఒడ్డున పేర్చిన ఇనప పలకలు రాత్రికి రాత్రే మాయమైతే, ఆ తర్వాత కట్ట ఉండీ నీళ్లుండవు. గాజునార కలిపి పోతపోసిన ప్లాస్టిక్ పలకలకు, అంటే ఫైబర్ పలకలకు, ఆ కొట్టులో గిరాకీ లేదు. కర్ణాటక, కేరళ తీరాల్లో చెక్క స్థానంలోకి ఇనుము కాకుండా అవి రావడానికి కారణం మన్నిక ఒక్కటే కాదు. పలక గట్టిపడాలని లోపల ఇనప గొట్టం దూర్చే డిజైన్లు ఇక్కడే బోల్తా పడతాయి. దొంగకు మళ్లీ పని కల్పించినట్టే.

మరి ఇనప గేటు కొలతలే ప్లాస్టిక్‌లో పోస్తే సరిపోదా? లెక్క చూడాలి. మూడు మీటర్ల లోతు నీళ్లు నిలిచిన చోట, రెండు మీటర్ల వెడల్పు కంతలో, అర మీటరు ఎత్తు పలకలు ఆరు పడతాయి. పైపలక మీద తోపు పావు టన్ను. అడుగుపలక మీద సుమారు 2.75 టన్నులు, అంటే పదకొండు రెట్లు. అంత తోపుకు మంచి ప్లాస్టిక్ విరగకపోవచ్చు, వంగుతుంది. నీళ్ల ట్యాంకులకూ పైపులకూ వాడే హెచ్‌డీపీఈ బిగువు ఉక్కులో సుమారు రెండు వందో వంతే. ఫైబర్ నయం, దాదాపు పదో వంతు. పైగా హెచ్‌డీపీఈ పుస్తకాలు మోసే ప్లాస్టిక్ అరలాగా నెలల తరబడి బరువు కింద మెల్లగా కుంగుతూనే ఉంటుంది. అందుకే మందం పెంచుతారు (రెట్టింపు మందానికి బిగువు ఎనిమిది రెట్లు), లేదా వెనక పక్కటెముకల్లాంటి గట్లు పోస్తారు.

ఎండ మరో పేచీ. రెండు మీటర్ల హెచ్‌డీపీఈ పలక ముప్పై డిగ్రీల తేడాకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అదే ఉక్కయితే మిల్లీమీటరు కూడా పెరగదు. గాడిలో ఆ సందు వదలకపోతే మార్చి ఎండకు పలక బిగుసుకుంటుంది, వదిలితే నీళ్లు కారతాయి. ఆ సందును రబ్బరు పట్టీ మూయాలి. పలక ఎండకు పెళుసెక్కకుండా ప్లాస్టిక్‌లో నల్లటి కార్బన్ పొడి కలుపుతారు. నీళ్ల పైపులు నల్లగా ఉండటంలో రహస్యం అదే. ఇంకో తమాషా: హెచ్‌డీపీఈ నీటికన్నా తేలిక. గాడిలో పైనుంచి బిగించకపోతే తలుపే తేలిపోతుంది!

ప్లాస్టిక్ అంటే చులకన చూపు ఇంకా పోలేదు. కానీ నెదర్లాండ్స్‌లో టిల్బర్గ్ దగ్గర కాలువ లాకుకు 2016లో పన్నెండు మీటర్లకు మించిన ఎత్తున్న ఫైబర్ తలుపులే బిగించారు. మన దగ్గర పార్వతీపురం వైపు జంఝావతి నది మీద, ఒడిశాతో ముంపు వివాదం తెగక, 2006లో ఏకంగా రబ్బరు డ్యామ్ నిలబెట్టారు. గాలి నింపితే కట్ట, తీస్తే వాగు.

చిన్న కట్టకు అంత హంగు అక్కర్లేదు. అక్కడ మోకాటిలోతు నీళ్లలో దిగేది ఇద్దరు రైతులు. ఇద్దరూ ఎత్తలేని పలక కాగితం మీద ఎంత బాగున్నా దండగ. అడుగున మందం, పైన పల్చన చేస్తే సరుకు ఆదా అవుతుందని చదువుకున్నవాళ్లకు తోస్తుంది. కానీ ఒడ్డున కుప్పపోసిన పలకల్లో ఏది ఎక్కడిదో ఆరు నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? పల్చటిది అడుగుకు చేరితే ఆ ఏడు అంతే. ఖర్చైనా అన్నీ ఒకే మందంలో చేయడమే మేలు.

కొక్కెం వేసే కన్నం మాత్రం ప్రతి పలకకూ రెండు కొసల్లోనూ ఉండాలి. నిండు నీటి తోపుకు గాడిలో అదుముకుపోయిన అడుగుపలకను మనుషులు కదల్చలేరు. పైనుంచి ఒక్కొక్కటే లాగి, నీళ్లు దిగేదాకా ఆగి, మళ్లీ ఇంకొకటి లాగాలి. జూన్‌లో ఎగువన ఉరుము వినిపించాక ఆ ఆగే తీరిక ఉండదు. అందుకే ఆ పని మే నెలాఖరులోనే మొదలుపెడతారు.