గోడవతల కాగు

అమ్మమ్మగారింట్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమ నిలువునా గొట్టం, అందులో చిదుగులూ బొగ్గులూ, చుట్టూ నీళ్ళు. మెల్‌బోర్న్ శివారు వెరిబీలో మా పెరటి గోడకు ఆనుకుని ఉన్న 135 లీటర్ల గ్యాస్ హీటర్ లోపలా అదే అమరిక. అడుగున బర్నర్, టాంకు నడిమధ్య పొగగొట్టం, చుట్టూ నీళ్ళు. పొగ తొందరపడి పైకి పోకుండా గొట్టంలో మెలికలు తిరిగిన రేకు ఒకటి వేలాడుతుంది. వేడిని చివరిదాకా పిండుకోవడానికి అదో ఉపాయం.

సర్వీసుకు వచ్చిన గ్యాస్ ఫిట్టర్ పనిముట్లు దించకముందే మోకాళ్ళ మీద కూర్చుని మంటను చూశాడు. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు తిరిగితే గాలి చాలడం లేదని అర్థం. మా బర్నర్‌కి గాలి వెళ్ళే దారిలో సాలెగూడు పట్టింది. దాన్ని కుంచెతో దులిపి, గ్యాస్ ఒత్తిడి కొలిచాడు. ఇక్కడ సహజవాయువుతో నడిచే పరికరానికి 1.13 కిలోపాస్కల్స్ అందాలి. అంటే అర జానెడు నీటిని నిలబెట్టేంత. అంత మెత్తటి ఊపిరి మీద ఇంటిల్లిపాది స్నానాలు నడుస్తున్నాయి.

నన్ను కట్టిపడేసింది థర్మోకపుల్. రెండు వేరు వేరు లోహాలను చివర కలిపిన సన్నటి పుల్ల అది. పైలట్ మంట దాని కొసను కాలుస్తుంటే 20–30 మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది. ఆ కాస్త విద్యుత్తుతోనే ఒక చిన్న అయస్కాంతం, స్ప్రింగును ఎదిరించి గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకుంటుంది. బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. మంట తన తలుపు తానే తెరిచి పట్టుకుంటుంది, ఆరిపోతే ఆ తలుపు దానంతటదే పడిపోతుంది. ఆయన పైలట్‌ని ఆర్పి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. లోపల టక్కుమంది. ఆ చిన్న చప్పుడు కోసం ఆయన ఎంత ఓపిగ్గా చెవి ఒగ్గాడో!

ఇంత జాగ్రత్త ఊరికే కాదు. 2010లో విక్టోరియాలోని మూరూప్నాలో ఒక అద్దె ఇంట్లో, గ్యాస్ రూమ్ హీటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కి ఇద్దరు చిన్నారి అన్నదమ్ములు ప్రాణాలు కోల్పోయారు. ఆ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. 2021 మార్చి నుంచి ఈ రాష్ట్రంలో అద్దెకిచ్చిన ఇంటి గ్యాస్ పరికరాలను రెండేళ్ళకోసారి లైసెన్సున్న ఫిట్టర్‌తో పరీక్ష చేయించాల్సింది యజమానే. అద్దెకుంటున్న మనవాళ్ళు మొహమాటపడకుండా అడగాలి. మన ఊళ్ళలో గ్యాస్ గీజర్‌ని స్నానాలగదిలోనే బిగించి, చలికి కిటికీ మూసేసే ఇళ్ళు గుర్తొచ్చి నాకు గుండె కలుక్కుమంది.

ఆ తర్వాత ఫిట్టర్ టాంకు పక్కనున్న రిలీఫ్ వాల్వు మీట ఎత్తి చూపించాడు. వేడినీళ్ళు బుస్సున వచ్చి, మీట వదలగానే ఆగాయి. లోపల ఒత్తిడి 1400 కిలోపాస్కల్స్ దాటినా, వేడి 99 డిగ్రీలకు చేరినా అది తనంతట తానే తెరుచుకోవాలి. ఆరు నెలలకోసారి ఇలా ఎత్తి చూడడం మాత్రం మన పనే, కాకపోతే చెయ్యి కాలకుండా. నీళ్ళు కాగేటప్పుడు ఆ గొట్టం నుంచి చుక్కలు పడితే అది లీకు కాదు. 15 డిగ్రీల నీళ్ళు 60కి కాగితే 135 లీటర్లు రెండు లీటర్లకు పైగా ఉబ్బుతాయి, ఆ ఉబ్బు ఎటో పోవాలి కదా. చుక్కలు ఆపుదామని ఆ గొట్టానికి బిరడా కొట్టారో, టాంకును బాంబుగా మార్చినట్టే. టాంకులో 60 డిగ్రీలు ఉంచేది లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా. స్నానాలగదికి వెళ్ళే నీటిని టెంపరింగ్ వాల్వు 50కి మించనివ్వదు, పిల్లల ఒళ్ళు కాలకుండా.

చివరికి నీళ్ళు కట్టేసి, ఒత్తిడి దించి, పైనున్న నట్టు విప్పాడు. ఉక్కు టాంకుకి లోపల గాజుపూత ఉంటుంది. ఎంత బాగా కాల్చిన పూతకైనా ఎక్కడో సూదిమొనంత సందు మిగులుతుంది. ఆ సందులో ఉక్కు తుప్పు పట్టకుండా, దాని బదులు కరిగిపోవడానికే ఒక మెగ్నీషియం కడ్డీని వేలాడదీస్తారు. మా కడ్డీ చెరకు పిప్పిలా బయటికొచ్చింది. చాలాచోట్ల నడిమి తీగ మాత్రమే మిగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టాంకు ఇంకా బాగానే ఉందన్నాడు.

కొత్త కడ్డీ బిగించాక మూత లోపలివైపు మార్కర్‌తో తేదీ రాశాడు. దాని పైనే, మసకబారిన అక్షరాల్లో, వేరే ఎవరి చేతిరాతతోనో, ఇంకో తేదీ ఉంది.