'సూపర్', 'బ్లాక్‌బస్టర్': ఇంగ్లీషు మెప్పుమాటలు – తెలుగు వాడుక

1. ప్రవేశిక

రైలు, పోస్టు, బస్సు వంటి పదాలు తెలుగులోకి ఎందుకు వచ్చాయో చెప్పడం కష్టం కాదు. వస్తువు వచ్చింది, వెంట పేరు వచ్చింది. మెచ్చుకోలుకు వాడే మాటల విషయంలో ఈ కారణం నిలవదు. 'భలే', 'శభాష్', 'అదరగొట్టాడు' వంటివి వాడుకలో ఉండగానే 'సూపర్', 'సూపర్ హిట్', 'బ్లాక్‌బస్టర్' తెలుగులో స్థిరపడ్డాయి. ('శభాష్' కూడా పారశీకం నుంచి వచ్చినదే. అయినా దాన్ని ఇప్పుడెవరూ పరాయి మాట అనుకోరు.) లోటు లేనిచోట ఈ అరువు ఎందుకు అవసరమైంది? ఇంగ్లీషు వ్యామోహమే కారణమని తేల్చేయడం సులువే గాని, ఆ సమాధానం చాలదు.

2. భయం నుంచి మెప్పుకు

ఆధిక్యాన్ని, విజయాన్ని తెలిపే ఇంగ్లీషు వ్యావహారిక పదాలలో చాలావాటికి మూలం భయమో, దెబ్బో. 'టెరిఫిక్' అనే మాట లాటిన్ మూలంలో భయం పుట్టించేదని అర్థం. 1667లో వెలువడిన 'ప్యారడైజ్ లాస్ట్'లో సర్పాన్ని వర్ణిస్తూ మిల్టన్ దాన్ని ఆ అర్థంలోనే వాడాడు. అది మొదట తీవ్రతను, ఆ తర్వాత శ్రేష్ఠతను తెలిపే మాటగా మారింది. 'ఆఫుల్', 'ఆసమ్' రెండూ భయభక్తులను తెలిపే ఒకే మాట నుంచి పుట్టాయి. మొదటిది తెగడ్తగా దిగజారింది, రెండోది పొగడ్తగా తేలింది. చెడ్డతనాన్ని చెప్పే 'వికెడ్'ను 1920 నాటి 'దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్' నవలలో ఫిట్జ్‌జెరాల్డ్ మెప్పుగా ప్రయోగించాడు.

వీటన్నిటిలో 'బ్లాక్‌బస్టర్' కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 4,000 పౌండ్లు, అంతకు మించిన బరువు గల బాంబులను జర్మన్ నగరాలపై వేసింది. వీధుల మధ్యనున్న ఇళ్ల వరుసను మొత్తంగా కూల్చగలదన్న భావంతో పత్రికలు ఆ బాంబుకు ఈ పేరు వాడాయి. యుద్ధం ముగియకముందే, 1943 నాటికే, అమెరికాలో సినిమా ప్రకటనలు ఆ మాటను అందుకున్నాయి. ఒకవైపు బాంబులు పడుతుండగానే మాట వినోదంలోకి వెళ్లిపోయింది. ఇంత త్వరగా రూపు మార్చుకున్న పదాలు అరుదు.

భాషాశాస్త్రం దీన్ని అర్థసౌమ్యత అంటుంది. ఆ పేరు ఫలితాన్ని చెబుతుంది గాని, కారణాన్ని చెప్పదు. పదే పదే వాడితే ఎంత గట్టి మాటైనా అరుగుతుంది. అరిగినకొద్దీ మరింత ఘాటైన మాట కావాలి. ఘాటు ఎక్కువగా దొరికేది భయంలో, హింసలో. తెలుగులోనూ జరిగిందిదే. అలంకారశాస్త్రంలో జుగుప్స స్థాయిగా గల రసం బీభత్సం. నేటి యువకుడికి పాట 'బీభత్సంగా' నచ్చుతుంది. 'పరమ' ఎదురుదారి పట్టింది. 'పరమ పవిత్రం' నిలిచి ఉన్నా, నిత్య వ్యవహారంలో అది ఎక్కువగా చెత్తకూ బద్ధకానికీ విశేషణమైంది. 'జబర్దస్త్' పారశీక మూలంలో 'పైచేయి'. 'సూపర్' లాటిన్‌లో 'పైన'. రెండు దూరపు భాషలు పొగడ్తకు ఒకే దిక్కును ఎంచుకున్నాయి.

3. మర్యాద చిక్కు

మాటలు పుట్టే తీరు ఒకటే అయినప్పుడు అరువుకు కారణం అర్థంలో దొరకదు, వ్యాకరణంలో వెతకాలి. తెలుగులో ఉత్సాహంగా మెచ్చుకునే మాటలు చాలావరకు క్రియలు: అదరగొట్టాడు, ఇరగదీశాడు, కుమ్మేశాడు, చించేశాడు. తెలుగు క్రియ పురుషను, వచనాన్ని, లింగాన్ని, మర్యాదను మోయక తప్పదు. పాఠం బాగా చెప్పిన అధ్యాపకుడితో విద్యార్థి 'ఇరగదీశారు సార్' అన్నాడనుకుంటే, ప్రత్యయం పైకెత్తిన గౌరవాన్ని ధాతువు కిందికి లాగుతుంది. ఎదుటి మనిషి నవ్వుతాడో, ముఖం మాడ్చుకుంటాడో చెప్పలేం. 'సూపర్ సార్' అంటే ఆ చిక్కే లేదు. అందులో క్రియ లేదు, ప్రత్యయం లేదు. అమ్మ చేసిన పులుసుకూ, పెళ్లికూతురి చీరకూ, మనవడి ఆటకూ ఆ ఒక్క మాట సరిపోతుంది. నాయనమ్మ కూడా అనగలదు. పైగా 'మస్తు' అన్నవారిది తెలంగాణ అనీ, 'దండిగా' అన్నవారిది రాయలసీమ అనీ వినేవారు పోల్చుకుంటారు. 'సూపర్'కు ఊరు లేదు.

ఇంగ్లీషులో పరిస్థితి ఇది కాదు. 1914లో లండన్ వేదికపై షా నాటకం 'పిగ్మేలియన్'లో కథానాయిక నోట 'బ్లడీ' అనే తీవ్రతావాచకం వినబడినప్పుడు పెద్ద దుమారమే రేగింది. అక్కడ ఇటువంటి మాట వక్త తరగతిని, వయసును, వాడిన సందర్భాన్ని పట్టిస్తుంది. తెలుగులోకి వచ్చాక 'సూపర్' ఆ గుర్తులన్నీ వదిలేసుకుంది. 'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు ఎదుటివారిని మెప్పించడానికి, తన డాబు నిలుపుకోవడానికి పనికివచ్చింది. నేటి 'సూపర్' ఎవరి డాబునూ పెంచదు. దాన్ని అనడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. కనుక వ్యామోహవాదం ఇక్కడే వీగిపోతుంది.

4. కొలత పోయిన మెప్పు

ఈ సౌలభ్యానికి మూల్యం ఉంది. తెలుగు సినిమా ప్రకటనలు ఒకప్పుడు విజయాన్ని రోజులతో చెప్పేవి: 50 రోజులు, 100 రోజులు, 25 వారాల రజతోత్సవం. ఆ లెక్కల్లోనూ అతిశయోక్తులు ఉండవచ్చు గాని, లెక్క గనుక ప్రశ్నించే వీలుండేది. విడుదలైన మర్నాడే గోడమీద వెలిసే 'బ్లాక్‌బస్టర్'ను ఏ లెక్కతో ప్రశ్నించాలి? పైగా 'హిట్', 'సూపర్ హిట్', 'బ్లాక్‌బస్టర్', 'ఇండస్ట్రీ హిట్' అంటూ మెట్లు పెరిగినకొద్దీ కింది మెట్టు విలువ పోయింది. ఇప్పుడు వట్టి 'హిట్' అంటే సందేహించాల్సి వస్తుంది.

సినిమా ప్రకటన అమ్మకం కోసం రాసేది గనుక దాన్ని క్షమించవచ్చు. పుస్తక సమీక్షకు ఆ వెసులుబాటు లేదు. నేటి సమీక్షలలో 'అద్భుతం' తరచుగా 'సూపర్'కు సంస్కృత వేషం మాత్రమే. రసచర్చలో అద్భుతానికి విస్మయం స్థాయీభావం. విస్మయానికి ఆలంబనం ఉండాలి, ఉద్దీపనం ఉండాలి. కవితా సంపుటిని అద్భుతమన్న సమీక్షకుడు ఏ ఖండిక దగ్గర, ఏ పదం దగ్గర విస్మయపడ్డాడో చూపకపోతే, ఆ సంపుటిని చదవని పాఠకుడికి అందేది ప్రకటనే. చదివిన పాఠకుడికి అదీ అందదు.