కార్తెల సామెతలు - వృద్ధుల వేసవి

తెలుగువారు ఏ సీమకు వలసపోయినను పంచాంగమును, కార్తెల సామెతలను వెంట గొనిపోయిరి. బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము, మదురై, యానాములలో ఎండవానలను కార్తెల పేరనే లెక్కించు పెద్దలు నేటికిని కలరు. ఆ సామెతలలో రెండు ఇచ్చట పరిశీలింపదగినవి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుననునది ఒకటి; మృగశిర కురిసినచో ముసలి ఎద్దు సైతము రంకె వేయుననునది రెండవది.

వీనిని విడివిడిగా ఉదాహరించుట వాడుక. కలిపి చదివినపుడే వీని స్వారస్యము తెలియును. మొదటిది ఎండను రాతితో కొలిచినది. రెండవది ప్రాణితో, అందును వయసుడిగిన ప్రాణితో కొలిచినది. కోడె రంకె వేయుటలో విశేషము లేదు. ముసలి ఎద్దు రంకె వేసెననగా, అంతవరకు అది ఎండకు సోలియుండెనని ధ్వని. వేసవి భారము ముదిమిపై హెచ్చుగా పడునని ఈ సామెత కట్టినవారెరుగుదురు. నేటి వైద్యశాస్త్రము దీనినే కారణములతో చెప్పుచున్నది. వయసు మీరినకొలది చెమట తగ్గును. దాహము ఆలస్యముగా తెలియును. వేడిని వెలికి పంపుటకై చర్మమునకు నెత్తురు తోడుటలో గుండె అలయును. రక్తపోటునకు వాడు కొన్ని మందులు ఒంటిలోని నీటిని మరింత తగ్గించును.

ఇట్లు సామెతలోని పరిశీలనము నిలిచినది. అందలి గడువు మాత్రము నిలుచుట లేదు. ఇందుకు కారణములు మూడు.

మొదటిది గణితము. కార్తెలు నిరయన పద్ధతి ననుసరించునవి. కావున అయనచలనమువలన సుమారు 72 ఏండ్లకు ఒక దినము చొప్పున ఋతువునకు వెనుకబడును. వేయేండ్లలో ఇది 14 దినములు, అనగా ఒక కార్తె. కనుక సామెతలు మార్పులేని ప్రమాణములన్న వాదము చెల్లదు.

రెండవది స్థలము. మృగశిర చల్లదనము నైఋతి ఋతుపవనముపై ఆధారపడినది. తమిళనాటి మైదానములకు ముఖ్యమైన వాన అక్టోబరు-డిసెంబరు నెలల ఈశాన్య ఋతుపవనమువలన కలుగును. షోలాపురము వానచాటు ప్రాంతము. ఈ తావులలోని తెలుగు ఇండ్లకు సామెత చేరినది గాని, దానితోపాటు వాన చేరలేదు.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, శీతోష్ణస్థితిలోని మార్పు. 1901-2018 నడుమ భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. 1998 వేసవిలో ఒడిశాలో రెండువేలమందికి పైగా వడదెబ్బకు మరణించిరి. 2015 మే నెలాఖరున ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వేయిమందికి పైగా మరణించిరి. 2023లో ఋతుపవనము కేరళ తీరమును తాకుసరికే జూన్ 8 వచ్చినది. అప్పటికి పంచాంగమున మృగశిర ప్రవేశించియున్నది. రాత్రి వేడిని గూర్చి ఈ రెండు సామెతలును పలుకవు. రాత్రి చల్లబడనినాడు ముసలి దేహమునకు తేరుకొను వ్యవధి చిక్కదు.

చిక్కు ఇచ్చటనే యున్నది. మొదటి సామెత అసాధారణమైన ఎండను వాడుక ఎండగా తోపించును. "మేము చూడని రోహిణియా" అని పెద్దలు గొడుగును, నీటిని నిరాకరింతురు. ఆ రోహిణిని చూచిన దేహము నలువదేండ్ల నాటిదని మరతురు. ఇంటివారును గౌరవముచే ఎదురాడరు. అనుభవమునందలి గౌరవమే అపాయమగుట ఇట్లు.

అట్లని సామెతలను పారవేయుట తగదు. ఏ ఊరి పెద్దలు ఏ కార్తెలో ఎట్టి వానను, ఎట్టి రాత్రులను ఎరుగుదురో అడిగి, ఊరిపేరుతో, సంవత్సరముతో వ్రాసియుంచి, వాతావరణశాఖ లెక్కలతో సరిచూచుట తెలుగు సంఘములు చేయదగిన పని. ఇండ్లలో చేయదగినది ఇంకను సులభము. ముసలి ఎద్దును గమనించిన చూపును నిలుపుకొని, తేదీపై నమ్మకమును విడువవలెను. మృగశిర ప్రవేశించినదని గాక, నిజముగా చల్లబడినదని తెలిసినంతవరకు పెద్దలకు నీరు, నీడ, పలుకరింపు తప్పకుండ జూడవలెను.