పిలిచేవాళ్లూ పలికేవాళ్లూ: కుక్కల పేర్ల గురించి

కుక్కల పేర్ల మీద వ్యాసం రాస్తున్నామని చెప్తే హాస్టల్లో మిత్రులు నవ్వినారు. కారంచేడు మీద, చుండూరు మీద రాయాల్సిన చోట టామీ, జిమ్మీల మీద రాసేదేందప్పా అన్నారు. అడగాల్సిన మాటే. అయితే 1985 జూలైలో కారంచేడులో రగడ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే నీళ్ల దగ్గర బర్రెల కుడితి బకెట్లు కడుగుతుంటే, అట్ల కడగొద్దని అడిగిన కాడ. పశువుకూ మనిషికీ నడుమ గీత గీసేదెవరు, ఆ గీతకు ఏ పక్కన మమ్మల్ని నిలబెడతారు అన్నది దళిత రాజకీయాల్లో ఏనాడూ చిన్న ప్రశ్న కాదు. కుక్కకు పెట్టే పేరు సరిగ్గా ఆ గీత మీదనే పడుతుంది.

నందికొట్కూరులో మా నాయన ఒక ఆసామి దగ్గర జీతం ఉండినాడు. ఆ ఇంట్లో ఒక నల్ల కుక్క ఉండేది, నాటుదే. దాన్ని 'నల్లోడు' అని పిలిచేటోళ్లు. మా నాయనను పిలిచేది కూడా 'ఒరే నల్లోడా' అనే. ఆయనకు మా జేజి పెట్టిన పేరు ఒకటుంది. అది ఓటరు లిస్టులో ఉండేది, రేషను కార్డులో ఉండేది, ఆ ఇంటి వసారాలో మాత్రం ఉండేది కాదు. గోడ అవతల కేక వినపడితే కొట్టంలో ఇద్దరూ తలెత్తేటోళ్లు. మా నాయన ఈ సంగతి నవ్వుకుంటానే చెప్తాడు. "నాకంటే అదే ముందు పోయేది, దాని కడుపుకు తొందర" అంటాడు. ఆ నవ్వును మేము చానా ఏండ్లు నమ్మినాం. యూనివర్సిటీకి వచ్చి నాలుగు పుస్తకాలు చదివినాక గానీ అది ఏ రకం నవ్వో తెలిసిరాలేదు. చదువు లేకపోయినా తెలిసుండాల్సింది.

తర్వాత ఆ ఆసామి కొడుకు ఒక అల్సేషన్ పిల్లను కొనుక్కొచ్చినాడు. దానికి నల్లోడనో ఎర్రోడనో పెట్టలేదు, 'సీజర్' అని పెట్టినారు. నాటుకుక్కకు ఒంటి రంగే పేరు. జాతికుక్కకు రోము ఏలినోడి పేరు. మా నాయనకు నోరు తిరగక 'సీసరు' అంటే ఇంటోళ్లంతా నవ్వి, సరిగ్గా పలికేదాకా అనిపించినారంట. కుక్క పేరు మనిషికి అంత ఓపికగా నేర్పినోళ్లకు ఆ మనిషి పేరు నేర్చుకోవాలని తోచలేదు. సీజరుకు వసారాలో స్టీలు గిన్నె. మా నాయనకు కొట్టం చూరులో చెక్కిన సొట్ట సత్తుగిన్నె.

ఆ గిన్నె సంగతి ఆ ఆసామి ఒక్కని దుర్మార్గం అనుకుంటే పొరపాటు. దానికి శాస్త్రం ఉంది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టినారు. తగలబెట్టినాం కదా అని చదవకుండా వదిలేస్తే నష్టం మనకే. పదో అధ్యాయంలో చండాలురూ శ్వపచులూ ఊరి బయట ఉండాలని, పగిలిన పాత్రల్లో తినాలని, వాళ్ల ఆస్తి కుక్కలూ గాడిదలే అని ఉంది. 'శ్వపచుడు' అంటేనే కుక్కను వండుకునేవాడని అర్థం. మనిషి కులానికే కుక్క పేరు తగిలించినారన్న మాట. రెండో అధ్యాయంలో పేర్లు పెట్టే పద్ధతి ఉంది. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా ఉండాలి, క్షత్రియుడిది బలాన్ని చెప్పాలి, వైశ్యుడిది ధనాన్ని చెప్పాలి, శూద్రుడి పేరు వింటే రోత పుట్టాలి. శూద్రుడికే రోత పేరైతే వర్ణాలకు బయటున్నోళ్ల పేరు గురించి ఆ అధ్యాయం మాట్లాడనే లేదు. మా నాయనకు వసారాలో పేరు లేకపోవడం అక్కడిదే.

మరి కుక్క పేరు అంత నీచమైనదైతే బ్రాహ్మణులు దాన్ని ఎందుకు పెట్టుకున్నారు? ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడనే బ్రాహ్మణుడికి ముగ్గురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడింటికీ ఒకటే అర్థం చెప్తారు, కుక్కతోక. ఆకలితో ఉన్న ఆ తండ్రి నడిపోణ్ణి నూరు ఆవులకు అమ్ముతాడు. యూపస్తంభం నుంచి విడుదలై విశ్వామిత్రుడికి కొడుకైనాక వాడి పేరు దేవరాతుడు అవుతుంది. విడుదలతో పాటు పేరు కూడా మారింది చూడండి. ఇక నైమిశారణ్యంలో భారతం చెప్పించుకున్న శౌనకుడి పేరు శునకుడి నుంచి వచ్చినదే, శునకమంటే కుక్కే. ఆ ఋషులను ఎవరైనా కుక్కలని తిట్టినారా? తిట్టలేదు. కాబట్టి నీచం పేరులో లేదు, పేరు మోసే ఒంట్లో ఉందని వాళ్లు నమ్మినారు. పండితుడు మోస్తే గోత్రం, మేము మోస్తే తిట్టు.

ఈ వివక్ష ఇప్పటి తెలుగులోనూ ఉంది. మన పత్రికలు చూడండి. పోలీసులది 'జాగిలం', పెద్దింటోళ్లది 'పెంపుడు శునకం', మా గేరిలోది మాత్రం 'వీధికుక్క'. జంతువు ఒకటే, భాషలో మూడు కులాలు. అభ్యుదయ సాహిత్యం ఈ గీతను చెరిపిందా అంటే సగమే చెరిపింది. శ్రీశ్రీ కవిత్వంలో కుక్కపిల్లకు చోటు దొరికింది, పేరు దొరకలేదు. 1950లో అచ్చైన ఆ పుస్తకానికి మహాప్రస్థానం అని పేరు పెట్టినప్పుడు, భారతంలో అదే పేరుగల ప్రయాణంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క ఆయనకు గుర్తొచ్చిందో లేదో! ఆ కుక్కకూ పేరు లేదు. చివరికి అది కుక్కే కాదు, ధర్మదేవత అని తేలుతుంది. స్వర్గం దాకా పోవాలంటే కుక్క కుక్కగా పోవడానికి వీల్లేదు. ఏకలవ్యుణ్ణి చూసి మొరిగిన కుక్కకూ పేరు లేదు. పాండవుల వెంట వచ్చిన ఆ కుక్క నల్లని ఒంటినీ జింకతోలునూ చూసి మొరిగింది. కొత్తవాణ్ణి చూసి మొరగడం కుక్క గుణం, ఏ ఒంటిని కొత్తగా చూడాలో నేర్పింది యజమానులు. ఆసామి ఇంటి సీజరు కూడా చీపురు పట్టుకొచ్చిన మా అమ్మను చూసి మొరిగేది, కారులో దిగినోళ్లను చూసి తోక ఊపేది. సరమ కొడుకు కథ మాత్రం వేరు. జనమేజయుడి యాగం దగ్గరికి పోయిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొడతారు. హవిస్సును నాకలేదు, దానివైపు చూడను కూడా లేదు, ఉత్తగనే కొట్టినారని వాడు తల్లితో చెప్పుకుంటాడు. తల్లి పోయి నిలదీస్తుంది. గుడి అరుగు మీద కూర్చున్నందుకు దెబ్బలు తిన్న పిల్లోళ్ల తల్లులు మా గేరిలో ఉండారు. ఆ కథ వాళ్లకు వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

అయితే పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కల్లిదేవయ్య కుక్క చేత వేదం చదివిస్తాడు కదా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, వేదానికి అంతకంటే గట్టి దెబ్బ మన సాహిత్యంలో తక్కువ. కానీ అక్కడ కూడా కుక్క వాదనలో ఒక మాట మాత్రమే. కుక్కే చదివిందంటే వేదం ఎంతటిది అనడానికి కుక్క నీచమనేది ముందే ఒప్పుకోవాలి.

ఆ ఒప్పుకోలు ఊళ్లలో ఎట్ల పనిచేస్తుందో మేము చూసినాం. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 ఎన్నికల నుంచి నందికొట్కూరు శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. అప్పుడు టీ బంకుల కాడ సుమతీ శతకంలోని బంగారు సింహాసనం పద్యం వినపడింది, కుక్కను కూర్చోబెట్టేది. ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. బడిలో అందరం కలిసే వల్లించినాం ఆ పద్యాన్ని. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించినారు, పదిమందిలో కులం పేరు పెట్టి తిడితే నేరమని అందులో ఉంది. కులం ఎత్తకుండా కుక్కను పిలిచినట్టు పిలిస్తే? మనిషి చూస్తుండగా కుక్కను ఆ మనిషి పిలుపుతోనే పిలిస్తే? సాక్ష్యం ఏమని చెప్పాల, ఏ స్టేషన్లో రాసుకుంటారు?

సీజర్ అనే పేరు మమ్మల్ని ఇంకోచోట ఆపింది. అమెరికాలో నల్లజాతి బానిసలకు యజమానులు పెట్టిన పేర్లలో సీజర్, పాంపీ, కేటో కనపడతాయి. అవే పేర్లు వాళ్ల కుక్కలకూ గుర్రాలకూ పెట్టుకున్నారు. అక్కడ బానిసకూ కుక్కకూ చక్రవర్తి పేరు పెట్టి ఎగతాళి చేసినారు. ఇక్కడ కుక్కకు చక్రవర్తి పేరు, మనిషికి ఒంటి రంగు. 1964లో ముహమ్మద్ అలీ తన పాత పేరును బానిస పేరని వదిలేసినాడంటే అది మతం మార్పిడి ఒక్కటే కాదు, పిలిచే హక్కును లాక్కోవడం కూడా.

ఇంతవరకు రాసి ఆపితే మాకు సుఖంగా ఉంటుంది. కానీ మా గేరిలో కుక్కల పేర్లు ఏమిటి? బొల్లిగాడు, చుక్క, మోతి, రాజు, టైగరు. సినిమా చూసొచ్చిన వారం పుట్టిన కుక్కకు ఆ సినిమా హీరో పేరు. ఇంట్లోకి పిలుచుకునేవి, ముద్దుగా పెట్టినవే. అయితే మేము ఆరో తరగతిలో ఉన్నప్పుడు పెంచుకున్న కుక్క పేరు 'టిప్పు'. మాతో చదివే సాయిబుల పిల్లోడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని 'ఏయ్' అనేవాడు తప్ప పేరుతో పిలిచేవాడు కాదు. మాకు అర్థం కాలేదు. శ్రీరంగపట్నంలో 1799 మే 4న పోరాడి చచ్చిపోయిన టిప్పు సుల్తాన్ మీద కసితో ఇంగ్లీషోళ్లు తమ కుక్కలకు ఆ పేరు పెట్టినారని జనం చెప్పుకుంటారు. ఆ అలవాటు వాళ్ల బంగళాల నుంచి పెద్దిళ్లకూ, పెద్దిళ్ల నుంచి మా గేరికీ దిగినట్టుంది. మా నందికొట్కూరు సీమ 1839 దాకా కర్నూలు నవాబు కింద ఉండింది. మా ఇండ్లల్లో మద్దిలేటి, సుంకన్నలతో పాటు దస్తగిరి, హుసేని, మౌలాలి అనే పేర్లున్నాయి. పీర్ల పండక్కి గుండం తొక్కుతాం. అట్లాంటి మేము ఆ పేరును కుక్కకు పెట్టి ఆ పిల్లోడి ముందర పిలిచినాం. మా నాయన మీద ఆసామి చేసింది తెలిసి చేసింది, మేము చేసింది తెలియక చేసింది. విన్నోడి చెవికి ఆ తేడా ఎంత?

కసి తీర్చుకునే పేర్లూ ఉన్నాయి. ఒక ఊర్లో గేరి పిల్లోళ్లు కుక్కకు 'దొర' అని పెట్టి, ఆసామి బజారులో పోయేటప్పుడు "దొరా, ఇట్రా, ఎంగిలి తిను" అని పిలిచినారు. మేము విన్నప్పుడు పడీపడీ నవ్వినాం. ఆ రాత్రి పెద్దమనుషులు గేరికొచ్చి కుక్కనన్నా చంపండి, పేరన్నా మార్చండి అన్నారు. పేరు మార్చినారు. కొందరు కార్యకర్తలు దీన్ని ప్రతిఘటన అంటారు. అందులో తెగువ ఉందని మేమూ ఒప్పుకుంటాం. కానీ కుక్క అంటే తిట్టు అన్న మనువు మాటను అది తాకలేదు, తిట్టు దిక్కు మాత్రం మార్చింది. ఆ పేర్లతో ప్రమాదం ఎంత దూరం పోతుందో పాలితానా చెప్తుంది. గుజరాత్‌లోని ఆ ఊర్లో 2021 డిసెంబర్‌లో, కుక్కకు పెట్టిన పేరు పొరుగింటామె ముద్దుపేరు అయినందుకు, ఆ కుక్కను పెంచుకున్న ఆడమనిషికి నిప్పంటించినారు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. ఆడకుక్కకు పేరుండదు. ఈనిందంటే మగపిల్లలను ఎంచుకుని తీసుకుపోతారు, ఆడపిల్లలను సంచిలో వేసి కాలువ గట్టున వదిలొస్తారు. కె.సి. కాలువ గట్టున అట్లాంటి సంచులు మేము చూసినాం. ఈ పని ఆసాములూ చేస్తారు, మేమూ చేస్తాం.

అందుకే తమిళంలో మారి సెల్వరాజ్ 2018లో తీసిన 'పరియేరుం పెరుమాళ్' సినిమాను పేర్ల సినిమాగా చూడాలని మా అభిప్రాయం. తిరునెల్వేలి వైపు దళిత కుర్రాడు, లా కాలేజీలో చేరతాడు. వాడి వేటకుక్క నల్లటి ఆడకుక్క, పేరు కరుప్పి, అంటే నల్లది. అగ్రకులపోళ్లు దాన్ని రైలు పట్టాలకు కట్టేస్తారు. గేరి అంతా దాన్ని మనిషిని సాగనంపినట్టు ఏడ్చి సాగనంపుతుంది. ఒంటి రంగే పేరు, మా నాయనకు పెట్టినదే. కానీ పిలిచిన నోరు వేరు. శునకమనలేదు, ధర్మదేవతగా మార్చలేదు, కుక్కను కుక్కగానే ఏడ్చినారు. తెలుగులో ఇన్నేండ్ల దళిత సాహిత్యంలో మేము వెతుక్కున్నది ఇదే. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేం. ఆ సినిమాలో కరుప్పికి దొరికినంత చోటు దళిత స్త్రీలకు దొరకలేదు. కరుప్పి కూడా మొదట్లోనే చచ్చిపోయి, ఆ తర్వాత హీరో కలల్లో దారి చూపడానికే వస్తుంది. ఆడకుక్క చచ్చి మగోణ్ణి మేల్కొలపడం, ఇది కూడా పాత కథే కదా!

మా అన్న పిల్లలు ఆ సినిమాను ఫోనులో చూసినారు. పోయిన ఎండాకాలం కాలువ గట్టున సంచిలో దొరికిన ఒక నల్ల పిల్లను ఇంటికి తెచ్చి కరుప్పి అని పెట్టినారు. మా నాయనకు ఆ పేరంటే ఏందో పిల్లలే చెప్పినారు. రెండు దినాలు ఆయన దాన్ని పిలవలేదు, కాలితో కూడా తాకలేదు. మూడో దినం పొద్దున రొట్టె తుంచుకుంటా "కర్రెమ్మా, రామ్మా" అన్నాడు. పిల్లలు అట్ల కాదు జేజినాయనా, కరుప్పి అని నేర్పబోయినారు. ఆయన వినలేదు. ఇప్పుడు ఆ కుక్క రెండు పేర్లకూ పలుకుతుంది.